మన్ను వద్దన్న మొక్క

ఆ రోజుల్లో మనిషన్నవాడికి ఏదో ఒక గర్వం ఉండేది. కొందరికి చదువు, కొందరికి మీసం. ఎల్లారెడ్డి ఊళ్లో మా ఇంటిల్లిపాదికీ మన్ను. బాపు గుప్పెడు మట్టిని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, అది ఏ చెలకదో, అందులో జొన్న వేయాలో పెసర వేయాలో చెప్పేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, ఇల్లు అలికే మట్టిని కూడా రుచి చూస్తుందని చుట్టాలు ఎగతాళి చేసేవాళ్లు (చూసేది, నేను చూశాను). పంతొమ్మిదేళ్ల నేనేమో కామారెడ్డిలో నాలుగు అక్షరాలు నేర్చుకుని వచ్చి, వాళ్ల తెలివికి నా చదువు కూడా తోడైంది కనుక నా చేతిలో మొలవని మొక్క ఈ భూమ్మీద ఉండదని అనుకునేవాణ్ణి. ఆ వయసులో మనిషి ఎంత మూర్ఖంగా ఉండగలడో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాను.

మా అక్కకు పెళ్లయి రెండేళ్లు. బావ ఫౌజులో గుమాస్తా. జపాను వాళ్లతో యుద్ధం అస్సాం వైపు ముదిరాక ఆయన్ని అటు పంపారు, అక్క మా ఇంటికి వచ్చేసింది. నెలకో ఉత్తరం వచ్చేది. ఉత్తరం వచ్చిన రోజు అక్క కడుపునిండా తినేది, మిగతా రోజుల్లో తిన్నానని చెప్పేది. జ్యేష్ఠంలో ఒక సిపాయి సెలవు మీద ఊరికి పోతూ మా గుమ్మం ముందు చెక్కపెట్టె ఒకటి దించాడు. అందులో బొగ్గు ముక్కల మధ్య, చెట్టు బెరడు పేళ్ల మధ్య ఇరుక్కుని మూడు మొక్కలున్నాయి. ఒక్కోదానికి నాలుగైదు దళసరి ఆకులు, వానపాముల్లాంటి తెల్లటి వేర్లు. వాటిని ఆర్కిడ్లంటారని అప్పటికి మాకెవరికీ తెలియదు. వెంట బావ రాసిన చీటీ ఉంది. "ఇక్కడి అడవిలో ఇవి చెట్ల కొమ్మలను పట్టుకుని పెరుగుతాయి. దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగుల్లా ఉంటాయి పువ్వులు. నేను వచ్చేసరికి పూయించు" అని. వాటిని దేంట్లో పెంచాలో మాత్రం రాయలేదు. అక్క ఆ చీటీ నాలుగుసార్లు చదువుకుని, పెట్టె నా ముందుకు జరిపింది.

"తమ్మీ, ఇవి బతికితె ఆయన మంచిగ ఇంటికొస్తడు. నాకెందుకో గట్లనె అనిపిస్తది. నీ చేతుల పెడుతున్న" అంది. ఆ మాటతో మా బావ ప్రాణం నా చేతికొచ్చింది.

నేను బాగా ఆలోచించాను (నా కష్టాలన్నీ నేను బాగా ఆలోచించినప్పుడే మొదలయ్యేవి). చెట్టు కొమ్మలను పట్టుకుని బతుకుతున్నాయంటే పాపం వాటికి పుట్టి బుద్ధెరిగాక మంచి మన్ను దొరకలేదన్న మాట. దిక్కులేని మొక్కలు మనలాంటి ఇంటికి చేరాయి, ఇక వాటి కష్టాలు తీరాయనుకున్నాను. బాపు స్వయంగా కాలువ కింది పొలం నుంచి నల్లరేగడి తెప్పించాడు. అవ్వ మేకెరువు కలిపింది. వేర్లు మునిగేదాకా మన్ను పోసి, అరచేత్తో గట్టిగా అదిమి, రెండు పూటలా చెంబెడు నీళ్లు పోశాను. పెట్టెలో మిగిలిన బొగ్గులూ పేళ్లూ దారిలో మొక్కలు కదలకుండా కుక్కిన చెత్త అనుకున్నాం. అవ్వ ఆ పూటే వాటితో కుంపటి రాజేసి, పెట్టె మోసుకొచ్చిన ఆ సిపాయికి చాయ్ కాచి ఇచ్చింది. అతను కూడా చాయ్ బాగుందన్నాడు తప్ప ఇంకేమీ అనలేదు.

ఆషాఢం వచ్చింది, ఉత్తరం రాలేదు. మొదటి మొక్క ఆకులు పసుపుపచ్చగా తిరిగి, పట్టుకుంటే చేతికి ఊడొచ్చాయి. బాపు ఎరువు చాలలేదన్నాడు, ఇంకో దోసెడు వేశాం. శ్రావణంలో రెండోది మొదలంటా కుళ్లిపోయింది. అప్పటికీ ఉత్తరం లేదు. అక్క ఆ కుండీల వైపు రావడం మానేసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నాకు మాత్రం అన్నం సయించలేదు. రోజూ పొద్దున లేవగానే మూడో మొక్కను చూడటానికి భయపడేవాణ్ణి. భాద్రపదంలో దాని ఆకు కూడా ఒకటి మెత్తబడితే, మొక్కను పీకి, తడిగుడ్డలో చుట్టి, కామారెడ్డి బస్సెక్కాను. స్టేషన్ దగ్గర ఒక పెద్ద అధికారి బంగళాలో హైదరాబాదు తోటల్లో పని చేసి వచ్చిన ముసలి మాలీ ఉన్నాడని విన్నాను. నా ఒళ్లో తడిగుడ్డ మూటను చూసి పక్కనున్న ముసలామె ఒకతె జ్వరమొచ్చిన పసిబిడ్డ అనుకుని జరిగి కూర్చుంది. నేను కాదనలేదు.

మాలీ గుడ్డ విప్పి వేర్లు చూసి మొహం ముడుచుకున్నాడు. "గిదేంది బేటా, దీన్ని బురదల ముంచినవా?"

"బురద కాదు తాతా, ఒకటో నంబరు రేగడి. మేకెరువు గూడ ఏసినం."

"దీని వేర్లు గాలి పీలుస్తయ్. నువ్వు ముక్కు మూసినవ్. వచ్చినప్పుడు దేంట్ల ఉండె?"

"బొగ్గుల్ల. చెట్టు పేళ్లల్ల."

"మరి ఆ బొగ్గులేవి?"

"చాయ్ కాచినం."

 ఆయన కత్తి తీసి కుళ్లిన వేర్లన్నీ కోసేశాడు. మూడు మిగిలాయి. "తుమ్మ బొగ్గు తీస్కో. కుంకుడుకాయంత ముక్కలు కొట్టి, దుమ్ము పోయేదాక కడుగు. అడుగుకు పెంకులెయ్యి. మన్ను చిటికెడు గూడ తగలొద్దు. కుండకు చుట్టూ బొక్కలుండాలె, గాలాడాలె. పొద్దుగాల చల్లిన నీళ్లు పొద్దుగూకేసరికి ఆరాలె" అని చెప్పి, "మీ బాపు చెయ్యి దాని మీద పడనియ్యకు" అని కూడా అన్నాడు.

బొగ్గు కమ్మరి ఇచ్చాడు. చిక్కు కుమ్మరి దగ్గర వచ్చింది. చుట్టూ బొక్కలున్న కుండ కావాలనగానే ఆయన సారె ఆపేశాడు. "బొక్కల కుండ ఎప్పుడు పట్టుకుంటరో ఎరుకేనా? కాష్టం సుట్టు తిరిగేటప్పుడు. మీ బావ దేశం మీదున్నడు, మీ అక్క ఉన్న ఇంట్లకు గది నా చేతులతోటి చేసియ్యాల్నా? నేను చెయ్య, పో" అన్నాడు.  అయినా నీళ్లకని అబద్ధమాడి ఆయన దగ్గరే నాలుగు మంచి కుండలు కొన్నాను. ఇంటి వెనక కూర్చుని మేకుతో, రాయితో బొక్కలు కొట్టాను. మూడు పగిలాయి (మాలీ చెప్పిన పెంకులకు అలా లోటు రాలేదు). నాలుగోది నిలిచింది. దాన్ని నీళ్ల కడవల పక్కన నీడలో వేలాడదీయగానే అవ్వ గుండెలు బాదుకుంది.

"బొక్కల కుండ ఇంట్ల ఏలాడదీస్తవురా? నీకేం పుట్టింది?"

"ఉండనీయవ్వా. బతుకుతదంటుండు గద" అంది అక్క. ఆ రోజు నుంచి నీళ్లు తనే చల్లడం మొదలుపెట్టింది.

మొక్క బతికింది. కార్తీకంలో కొత్త వేరు ఒకటి బొగ్గు ముక్కను చుట్టుకుంది. మాఘంలో సన్నటి కాడ వంగి, దాని మీద వరసగా తెల్లటి పువ్వులు రెక్కలు విప్పాయి. వీధి వీధంతా చూసిపోయింది. బాపు వచ్చి కుండలో వేలు పెట్టి చూశాడు. "మన్ను లేదా?" "లేదు బాపూ." "మరేం తిని పూసిందిర?" అని, ఆ వేలు వాసన చూసుకుంటూ చెలకకు పోయాడు. అక్క తల దువ్వుకుంది, నవ్వింది, బావ వస్తే కట్టుకోవాలని చీర తీసి ఎండలో వేసింది. ఉత్తరం రాకపోయినా మాకు దిగులు లేదు. పువ్వు వచ్చిందంటే మనిషి బాగున్నట్టే. నేనైతే ఒక మనిషిని యుద్ధంలోంచి లాక్కొచ్చిన వాడిలా నడిచేవాణ్ణి.

వైశాఖంలో ఫౌజు నుంచి కాగితం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది కనుక నేనే చదవాల్సి వచ్చింది. బావ అడవి జ్వరంతో అక్కడి ఆసుపత్రిలో పోయాడు. అవ్వ మొదట చూసింది వేలాడుతున్న ఆ కుండను. ఆ తరువాత నన్ను. "వద్దంటి గదరా..." అంది.

అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. "ఎప్పుడని రాసిండ్రు?" అని అడిగింది.

"శ్రావణంల."

తను వేళ్లమీద ఏదో లెక్కపెట్టింది. "కుండ చేసింది భాద్రపదంల. అప్పటికే ఆయన లేడు. నీ కుండతోటి ఏం కాలేదు తమ్మీ. అవ్వా, వాణ్ణేమనకు" అంది. నన్ను అలా నింద నుంచి వదిలిపెట్టాకే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అరవై ఏళ్లు దాటిపోయాయి. ఇప్పటికీ ఆ పూట తలుచుకుంటే లేచి ఇంకో పనిలో పడతాను. కానీ మాఘం నుంచి వైశాఖం దాకా మా వీధిలో ఛాతీ విరుచుకుని తిరిగిన ఆ కుర్రవాడు గుర్తొస్తే మాత్రం, ఏం చేయను, నవ్వొస్తుంది. ఎప్పుడో పోయిన మనిషిని తుమ్మ బొగ్గులతో కాపాడానని వాడి నమ్మకం. ఆ నమ్మకంలో మా అక్క కూడా మూడు నెలలు సుఖంగా ఉంది. వాడు ఇప్పుడు నాకు ఎదురైతే అసలు సంగతి చెప్పను. పక్కకు తప్పుకుని దారిస్తాను.