పగలగొట్టి చూసే మా తోడల్లుడు

మా తోడల్లుడి మొదటి గెలుపుకు పదకొండు నెలలు పట్టింది. ఒకే వెండి నాణేన్ని ఒకే గ్రేడింగ్ కంపెనీకి మూడు వేరువేరు పేర్లతో మూడుసార్లు పంపాడు. మా నాణేల సంఘంలో కొత్త సభ్యుల కోసం చెబుతున్నాను: ఈ కంపెనీలు నాణేన్ని పరీక్షించి, డెబ్బైకి ఇన్ని అని మార్కులు వేసి, ప్లాస్టిక్ డబ్బీలో మూసి పంపుతాయి. వచ్చిన ప్రతిసారీ అతను డబ్బీ పగలగొట్టి, నాణెం తీసి మళ్ళీ పంపేవాడు. మొదట యాభై ఎనిమిది వచ్చింది, తరువాత అరవై మూడు, చివర యాభై అయిదు. మూడు చీటీలూ సంఘం బల్ల మీద వరసగా పేర్చాడు. సభ్యులందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చేతులు కలిశాయి గానీ చప్పుడు రాలేదు.

నేను మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. అయినా ఈ సంఘం పెట్టిన ఐదుగురిలో నేనొకణ్ణి. రెండుసార్లు అధ్యక్షుణ్ణి. పదకొండు వందల నాలుగు రాగి నాణేలు కూడబెట్టాను. ఏ పుస్తకంలోనూ లేని ముద్ర ఒకటి కనిపెట్టాను. సంఘం ఏటా పెట్టే ప్రదర్శనలో గుమ్మానికి ఎదురుగా ఉండే మొదటి అద్దాల బీరువాలో ఇరవై రెండేళ్ళుగా నా పెద్ద వెండి నాణెమే ఉంటోంది. నాణేన్ని అంచు పట్టుకుని ఎత్తాలని మా తోడల్లుడికి నేర్పింది కూడా నేనే. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అనలేదు.

అతను గడియారాలు బాగుచేస్తాడు. ఇద్దరు పక్కపక్కన నిలబడలేనంత ఇరుకు కొట్టు. పద్నాలుగో ఏట తండ్రి పోతే ఆ స్టూలు మీద కూర్చున్నాడు, ఇప్పటికీ దాని మీదే. సెల్‌ఫోన్లొచ్చి చేతి గడియారాలు తగ్గాక, కంటికి పెట్టుకునే ఆ అద్దంతోనే నాణేలు చూడడం మొదలుపెట్టాడు. నాణెం చేతికి రాగానే కాగితం మీద గుండ్రం గీసి, గడియారం ముఖంలా గంటలు వేసుకుంటాడు. "నాలుగు గంటల దగ్గర నొక్కు, తొమ్మిదింటి దగ్గర మచ్చ" అని రాసుకుంటాడు. కంపెనీ నుంచి తిరిగొచ్చింది తను పంపిన నాణెమేనా, దాని దెబ్బల్ని వాళ్ళు చూశారా లేదా అన్నది ఆ కాగితమే చెబుతుంది. పేరు వినని చిన్న కంపెనీలను ఇప్పటికి తొమ్మిదింటిని ఇలా తూచాడు.

సలహా కోసం అందరూ అక్కడికే పోతారు. ఒకసారి నేనక్కడుండగానే దర్జీ ఒక డబ్బీ తెచ్చాడు.

"ఈ కంపెనీ నమ్మొచ్చా అండీ?"

"దాని ఓనరు నాణేలు అమ్ముతాడా?"

"అమ్ముతాడు."

"అంటే పరీక్షా వాడే రాసి, వాడే దిద్దుకుంటున్నాడన్నమాట."

"డబ్బీ మాత్రం భలే మెరుస్తోందండీ!"

"పెళ్ళికొడుకుని చూసి రమ్మంటే చొక్కా చూసొచ్చావా?"

కొట్టంతా నవ్వింది. అలాంటి మాట నాకెందుకు తట్టలేదా అని ఆ వారమంతా కుమిలిపోయాను. ఇంట్లో మా ఆవిడ ఊరుకుంటుందా? "మా మరిది ఫోటో పేపర్లో పడింది, చూశారా?" అంది. "చూశాను. ఒక చెవి సగమే పడింది" అన్నాను.

ఈ ఏడు సంఘం కొత్త నియమం పెట్టింది: చిన్న కంపెనీల డబ్బీలు ప్రదర్శనలో పెట్టాలంటే ముందు అతను సరే అనాలి. నా పెద్ద వెండి నాణెం ఉన్నది ఆకుపచ్చ చీటీ కంపెనీ డబ్బీలో. దాని మీద అరవై నాలుగు అని ఉంది. ఆ కంపెనీని ఎవరూ ఎన్నడూ తూచలేదు.

"నా నాణేనికి నీ సర్టిఫికెట్ కావాలా?" అని సమావేశంలో లేచాను.

"నాణెం మాట కాదు అన్నగారూ. కంపెనీ సంగతే తెలీదు."

"తెలుసుకో అయితే. పగలగొట్టు!"

పంతం మీద అన్న మాట. వెనక్కి తీసుకునే దారి లేకపోయింది. మర్నాడు అతని కొట్లో పటకారుతో డబ్బీ అంచు నొక్కితే టప్పుమంది. నాణెం తీసి, కంటికి అద్దం పెట్టి, చాలాసేపు చూశాడు. తరువాత గుండ్రం గీశాడు.

"పదకొండు నుంచి రెండు గంటల దాకా సన్నగీతలు, అన్నీ ఒకే వైపుకి. దీన్ని ఎవరైనా రుద్దారా అన్నగారూ?"

"నాకేం తెలుసు?" అన్నాను.

తెలుసు. పళ్ళపొడి, పాత పంచె ముక్క. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట నేనే రుద్దాను. రుద్దిన నాణేనికి మార్కులు వేయకూడదని, 'రుద్దినది' అని రాసి పంపాలని సంఘంలో పాఠం చెప్పింది కూడా నేనే. ఆకుపచ్చ చీటీ వాళ్ళు మెరుపు చూసి అరవై నాలుగు వేశారు.

అతను తొందరపడలేదు. "నా కన్ను ఒక్కటే చాలదు. పెద్ద కంపెనీ ఆఫీసుకి నేనే తీసుకెళ్తాను. పోస్టులో ఇంకో దెబ్బ తగిలితే పాపం నాకు" అన్నాడు. అందరూ నమ్మే ఆ పాత కంపెనీ కొలతతోనే అతను మిగతావాటిని కొలిచేది. అక్కడ వారం ఉండాలి.

అతను బయలుదేరిన రోజు బస్టాండుకి వెళ్ళాను. సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు.

"రుద్దింది నేనేనయ్యా" అన్నాను.

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా?"

"నువ్వు అడిగావు కాబట్టి చెప్పలేదు."

నవ్వాడు. "ఎందుకు రుద్దారు?"

"మామగారికి చూపించాలని. అద్దంలా ఉంది అల్లుడూ అన్నారు."

"ఆ ముక్క నాకు తెలీదా? నా పెళ్ళయినప్పటి నుంచీ పెద్దల్లుడి నాణెం, పెద్దల్లుడి నాణెం అని ఆయన ఒకటే పాట. ఒళ్ళు మండిపోయేది నాకు!" సంచి తెరవబోయాడు. "మీరు చెప్పేశారుగా, ఇంటికి తీసుకెళ్ళిపోండి. ప్రదర్శనకి పెట్టకపోతే సరిపోతుంది. ఎవరికీ చెప్పను."

ఇరవై రెండేళ్ళ పరువు అతని సంచిలోంచి నా జేబులోకి దిగిపోయేది. చెయ్యి చాపాను కూడా. అప్పుడే ఒక ఆలోచన కొరికింది.

"వద్దు, తీసుకెళ్ళు. రుద్దిన సంగతి మనిద్దరికీ తెలుసు. మీ పెద్ద కంపెనీ కనిపెడుతుందో లేదో చూద్దాం."

అతని ముఖంలో నవ్వు పోయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి. "ఇంతకన్నా మంచి పరీక్ష నేను పెట్టలేదు అన్నగారూ" అన్నాడు మెల్లగా.

వాళ్ళు గీతలు చూస్తే మొదటి బీరువాలో నా నాణెం ఉండదు. ఎందుకు లేదో రాసిన చీటీ ఉంటుంది, దాని కింద సంతకం నేనే పెడతాను. చూడకుండా మార్కులు వేస్తే, మా తోడల్లుడు తూచిన తొమ్మిది కంపెనీలనూ మళ్ళీ మొదటి నుంచి తూచాలి. రెండోది జరగాలని నేను కోరుకోవడం లేదని రాస్తే అబద్ధమవుతుంది.

ప్రదర్శన పదిహేనో తేదీ ఆదివారం. అతను తిరిగి వచ్చేది మార్చి పన్నెండు, గురువారం.