స్ట్రెచర్ మీద వెళ్ళిన వస్తాదు

పాత టీవీ కుస్తీ పోటీలను మళ్ళీ చూసి, తెలుగులో సమీక్షించి, ఆ వీడియోలు నెట్‌లో పెడుతుంటాను. మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి కాబట్టి ప్రతి మ్యాచ్‌నీ భాగాలుగా విడదీస్తాను: పట్లు, పడటం, వేగం, ముగింపు. ఒక్కోదానికీ మార్కులు. ఎత్తి పడేసినప్పుడు బరువు ఎవరి మోకాలి మీద ఆగిందో ఆపి ఆపి చూస్తే, ఇద్దరూ ఒకరినొకరు ఎంత జాగ్రత్తగా కాపాడుకుంటున్నారో తెలుస్తుంది.

ఆ వారం తీసుకున్న మ్యాచ్‌తో చిక్కు వచ్చింది. చిన్నప్పుడు అమలాపురంలో మా ఇంట్లో అందరం కూర్చుని చూసిన మ్యాచ్ అది. మా అభిమాన వస్తాదు రింగు పక్కనున్న బల్ల మీద పడి లేవలేదు. మెడకు పట్టీ వేసి స్ట్రెచర్ మీద మోసుకుపోయారు. అతని భార్య ఏడుస్తూ వెంట నడిచింది. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, చుట్టాల్లో జబ్బుపడ్డవాళ్ళ పేర్ల తరవాత అతని పేరూ చేర్చింది. చాలా వారాలు చేరుస్తూనే ఉంది. అతను తిరిగొచ్చి రింగులోకి దూకిన రోజు ఏడ్చింది. అప్పటినుంచి చర్చిలో స్త్రీల సమాజానికి దేవుడు చేసిన మేలు గురించి ఆమె చెప్పే సాక్ష్యం అదే: ఏ దేశపు బిడ్డో మా ప్రార్థనకు లేచాడని. ఆ గురువారం కూడా అదే చెప్పమన్నారు.

నా సమీక్షలో మాత్రం ఆ స్ట్రెచర్ ముందే రాసుకున్న కథలో భాగమని చెప్పక తప్పదు. కొన్నాళ్ళు సెలవు కావాల్సి వచ్చి అలా రాయించుకున్నానని ఆ వస్తాదే తరవాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. స్త్రీల సమాజంలోని వాళ్ళ మనవలు నా వీడియోలు చూస్తారు. మామ్మ సాక్ష్యం చెప్పి కూర్చున్నాక ఎవరైనా ఫోన్ తెరిచి చూపిస్తే? ఆ వాక్యం తీసేశాను. మళ్ళీ పెట్టాను. చివరికి బుధవారం మధ్యాహ్నం, పెరట్లో కొబ్బరి ఈనెలు తీస్తున్న మామ్మ పక్కన కూర్చుని చెప్పేశాను.

మామ్మ అతను పడ్డ చోటు ఫోన్‌లో మళ్ళీ చూపించమంది. అవతలివాడి అరచెయ్యి అతని మెడ కింద ఆసరాగా ఉండటం చూపించాను.

“మరి అతని పెళ్ళాం ఏడ్చింది కదరా?”

“అదీ కథలోదే మామ్మా.”

“అలాగా. పాస్టరమ్మగారికి ఫోన్ కలుపు.”

సాక్ష్యం చెప్పనని చెప్పేస్తుందనుకున్నాను.

“ఆయ్, నేనేనండమ్మగారూ. రేపు సాక్ష్యం చెప్తానండి. కాకపోతే కొంచెం మారిందండి. ఆ అబ్బాయికి అసలు దెబ్బే తగల్లేదంటండి, మా మనవడు చూసి చెప్పేడు. అన్ని వారాలు ప్రార్థన చేసేం కదండీ, ఆ సంగతీ ఈ సంగతీ కలిపి చెప్తాను.” అవతల ఆవిడ ఏమన్నారో, “నవ్వితే నవ్వుతారండి” అంది.

ఫోన్ పెట్టాక, వద్దని బతిమాలాను. ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లో ఉండిపొమ్మన్నాను.

“తెలిసేక కూడా పాతది ఎలా చెప్తాన్రా?” అంటూ ఇంకో ఆకు ముందుకు లాక్కుంది.

గురువారం బండి మీద దింపి, చర్చి మెట్ల దగ్గరే ఉండిపోయాను. ఫ్యాన్ల చప్పుడులో ఆమె మాటలు తెగి తెగి వినిపించాయి. తరవాత ఒక్కసారిగా నవ్వులు. వాటిలో మామ్మ నవ్వు ఉందో లేదో ఎంత చెవి ఒగ్గినా తేల్చుకోలేకపోయాను.