ఎరుపు పోయేదాకా ఇంకో రన్

వరద హెచ్చరికల కార్యాలయంలో ఆవిడను అందరూ వరదక్క అంటారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చేస్తున్న పని ఒకటే. ఎంత వాన పడితే నది ఎంత పొంగుతుందో, ఏ వీధిలోకి నీరొస్తుందో కంప్యూటర్‌తో లెక్క కట్టించి, మునిగే చోట్లకు ఎరుపు పూసిన పటం తీయడం.

పాత కంప్యూటర్ రోజుల్లో ఒక్క పటానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టేది. అది ఆయాసపడుతూ, రొప్పుతూ, చివరికి ఒకే ఒక్క జవాబు చెప్పేది. మళ్లీ అడిగే ఓపిక ఎవరికీ లేక ఆ జవాబునే నమ్మేవారు. జనం బతికిపోయేవారు.

తర్వాత క్లౌడ్ వచ్చింది. ఎక్కడో వేల కంప్యూటర్లు పేర్చిన గిడ్డంగి. వాన ముంచుకొస్తే కావలసినన్ని అద్దెకు తీసుకుని, పని కాగానే వదిలేయవచ్చు. ఇప్పుడు ఆఫీసు పెద్దసారు టీ తాగి కప్పు కింద పెట్టేలోపే పటం తయారు. ప్రారంభోత్సవం రోజు రిబ్బను కత్తిరించడానికే అంతకన్నా ఎక్కువసేపు పట్టింది.

ఆ రోజు ఎగువన ఆగని వాన. పటంలో రెండు చోట్ల ఎరుపు: కాలువగట్టు వీధి, దాని పక్కనే కొత్త కాలనీ. కాలువగట్టు వీధిలో వరదక్క చెల్లెలు బట్టలు కుడుతుంది. ఆమె మొగుడు కాలు విరిగి మంచం మీదున్నాడు. సాయంత్రానికల్లా నీరొస్తుంది. పెద్దసారు సంతకం పడితే తప్ప సైరన్ మోగదు.

పెద్దసారు మొహం చిట్లించాడు. "కాలనీ ఏంటమ్మా, ఇంత ఎర్రగా ఉంది? అక్కడింకా సగం ప్లాట్లు అమ్ముడుపోలేదు."

"ఆ సంగతి నీళ్లకి తెలీదు సార్."

"వెటకారం తర్వాత. వాన అంకె కాస్త తగ్గించి లెక్క ఇంకో రన్ వేయండి."

వేసింది. ఎరుపు కొంచెం పక్కకు జరిగింది. నేల ఇంకొంచెం నీరు పీల్చుకుంటుందనుకుని మరోటి వేయమన్నాడు. నది ఇంకొంచెం లోతుందనుకుని మరోటి. క్లౌడ్ విసుక్కోదు, ఆవులించదు. ఎన్నిసార్లు అడిగితే అన్ని జవాబులిస్తుంది. భోజనాల వేళకు కాలనీ పచ్చగా తేలింది. దాని పుణ్యమా అని కాలువగట్టు వీధీ తేలింది. పేదవాళ్లకు పైసా ఖర్చు లేకుండా దక్కిన క్షేమం. "ప్రమాదం లేదు" అని సంతకం పడింది.

కాసేపటికి పెద్దసారే ఆవిడ కుర్చీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మేడమ్, ఆ మొదటి పటం నా సొంత ఫోన్‌కి పంపండి. మా అత్తగారు వాళ్లుండేది ఆ కాలనీలోనే."

వరదక్క ఆయన్ని ఎగాదిగా చూసి, పంపింది. అదే వేలితో చెల్లెలికీ పంపి, ఫోన్ చేసింది.

"ఏమే, మీ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తించి బడి మేడ మీదికి చేర్చు. వీధిలో అందరికీ చెప్పు."

"ఆఫీసు చెప్పిందా అక్కా, నువ్వు చెప్తున్నావా?"

"నేనే."

"అయితే కదుల్తాం. మిషన్ కూడా తెచ్చుకోనా?"

"మిషన్‌ని మెట్లెక్కించలేవు. ముందు మొగుణ్ని ఎక్కించు."

"రెండూ ఒకటే బరువు."

సాయంత్రం నీళ్లు కిటికీల దాకా వచ్చాయి. అప్పటికి వీధి మొత్తం బడి మేడ మీదుంది. కాలనీలో ఒక్క కుటుంబం మాత్రం సామాన్లతో సహా ముందే ఇల్లు ఖాళీ చేసింది. మిగతావాళ్లను పడవల్లో తెచ్చారు. గేటు దగ్గరి కాపలాదారు శవమై దొరికాడు.

కార్యాలయం ఊరుకుంటుందా? అనుమతి లేని పటాన్ని బయటికి పంపినందుకు వరదక్క మీద విచారణ పెట్టింది. పెద్దసారే అడిగాడు.

"ఎవరికి పంపారు?"

"ఇద్దరికి సార్. ఒకరు మా చెల్లెలు. రెండోవారెవరో చెప్పమంటారా?"

పెద్దసారు గబగబా మంచినీళ్లు తాగాడు. పక్కనున్న అధికార్ల వైపు చూసి, "పాతుద్యోగి, ఏదో కంగారులో చేసింది. ఇంతటితో ముగించేద్దాం" అన్నాడు.

వరదక్క లేవలేదు. "ముగించకండి సార్. ఆ కాపలాదారు భార్య బయట బెంచీ మీద కూర్చునుంది. లోపలికి పిలవండి. ఆ రెండోవారెవరో ఆవిడ ముందే చెప్తాను."