వదిన సంతకం

నవంబరు 12, 1988, శనివారం. తెల్లవారినప్పటి నుంచి సన్నని వాన. వాకిట్లో తడి ఆకులు ఊడ్చి సంచుల్లో నింపాను. ఆఖరి సంచి మూతి కడుతుంటే లోపల ఫోను మోగింది. అన్నయ్య. "మీ వదిన వెళ్ళిపోయిందిరా" అన్నాడు.

మధ్యాహ్నం పాస్టరుగారు మన సంఘ పత్రికకి ఆమె జ్ఞాపకార్థం నాలుగు మాటలు రాయమన్నారు. నాకు రాయడం అంటే రోజువారీ జమాఖర్చులే. అందుకని ఆ పుస్తకంలోనే, ఈ రోజు పేజీలోనే రాస్తున్నాను. అందులోంచి ఆయన ఎంత కావాలంటే అంత తీసుకోవచ్చు.

ఇది చదివే మీలో చాలామంది అమెరికా వచ్చి ఈ జెర్సీ సిటీలో దిగిన మొదటి వారంలోనే మా వదిన చేతి పప్పుచారు తిన్నవాళ్ళు. ఆమె ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి రాగానే తెల్ల బూట్లు గుమ్మం దగ్గర విప్పి, కాళ్ళు కడుక్కుని, ముందు బియ్యం కడిగేది. ఇంటికి ఎవరొచ్చారో ఆ తర్వాత చూసేది. ఎవరో ఒకరు వచ్చే ఉంటారని ఆమె ధీమా.

అప్పు సంగతి మీకు సగమే తెలుసు. డెబ్భై ఎనిమిదిలో మన సంఘానికి కొత్తగా వచ్చిన ఒక కుర్రాడికి ఉద్యోగం దొరికింది. కారు లేనిదే అక్కడికి వెళ్ళలేడు. కారు లోనుకి కో-సైనర్ కావాలని బ్యాంకులో అడిగారు. "ఏం లేదాంటీ, ఉత్త సాక్షి సంతకం" అన్నాడు. వదిన పెట్టేసింది. మన ఊళ్ళలో ప్రోనోటు రాస్తే కింద సాక్షులు సంతకం పెడతారు. డబ్బు చేతులు మారడం చూశామని చెప్పడం వరకే వాళ్ళ పని. అప్పు వాళ్ళ మెడకి చుట్టుకోదు. వదినా వాళ్ళ నాన్నగారు వాళ్ళ ఊళ్ళో సగం ప్రోనోట్లకి సాక్షి. ఆయన కూతురు కలం అడిగి తీసుకుని మరీ పెట్టింది.

ఏడాది తిరక్కుండా ఆ కుర్రాడి ఉద్యోగం పోయింది. టెక్సాస్ వెళ్ళిపోయాడని విన్నాం. బ్యాంకువాళ్ళు కారు పట్టుకుపోయి అమ్మారు. వచ్చింది అప్పుకి చాలలేదు. మిగతాది కట్టమని వదినకి ఉత్తరం వచ్చింది. నేను సాక్షిని మాత్రమేనని ఆమె ఫోనులో చెప్పింది. "కాదమ్మా, కో-సైనర్ అంటే అతను కట్టకపోతే మీరు కట్టాలి. ఈ అప్పు మీది కూడా" అన్నాడట అవతలివాడు.

అన్నయ్య అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "టెక్సాస్ వెళ్ళి వాడి చొక్కా పట్టుకుంటాను."

"టికెట్టుకి మళ్ళీ నేనే ఎక్కడో సంతకం పెట్టాలి. కూర్చో" అంది వదిన. తర్వాత, "వాడు మోసగాడు కాదు. వాడికీ తెలీదు, నాకూ తెలీదు. ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులో చదివాం" అంది.

దాదాపు రెండేళ్ళు శనివారాలు కూడా డ్యూటీకి వెళ్ళి మొత్తం తీర్చింది. ఆ రెండేళ్ళలో ఆ కుర్రాడి పేరు ఎవరి దగ్గరా ఎత్తలేదు. అందుకే ఆ పేరు మీలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. నేనూ రాయను.

ఆ తర్వాతే ఆమె ఆ అలవాటు మొదలుపెట్టింది. ఎవరికైనా కో-సైన్ చేయాలనుకునేవాళ్ళు ముందు మా వదిన ఇంట్లో భోంచేయాలి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక బావాబావమరుదులు ఇద్దరు వచ్చారు. బావమరిది కొట్టు పెట్టబోతున్నాడు, బావ సంతకం పెట్టాలి. వడ్డన మధ్యలో వదిన గరిటె పట్టుకునే బావ వైపు తిరిగింది.

"'ఈ అప్పు నాది' అని తెలుగులో పైకి అను నాయనా."

"ఫార్మాలిటీయే కదా సిస్టర్?"

"ఫార్మాలిటీకి నోరు తిరగదా ఏం? అను."

"ఈ అప్పు... మావాడిది..."

"వాడి ముక్క వాడంటాడు. నీ ముక్క నువ్వను."

ఆయన మంచినీళ్ళు తాగాడు. మళ్ళీ మొదలుపెట్టి "ఈ అప్పు" దగ్గరే ఆగిపోయాడు. బావమరిదికి కోపం వచ్చింది.

"అన్నం పెట్టి మరీ మా చుట్టరికం చెడగొడుతున్నారు సిస్టర్!"

"చెడకూడదనేనయ్యా. ఈ మాట ఇప్పుడు మీ బావ నోట రాకపోతే, రేపు బ్యాంకువాడి నోట వస్తుంది. అప్పుడు మీ అక్క ఎవరి పక్కన కూర్చుని ఏడవాలి? పెరుగు వేసుకో."

ఆ సంతకం జరగలేదు. కొట్టు ఆలస్యంగా, చిన్నదిగా మొదలైంది. ఆ ఇద్దరూ ఈనాటికీ ఆరాధనలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. వాళ్ళెవరో మీకు తెలుసు. ఆ మాట గట్టిగా అనగలిగినవాళ్ళు కూడా కొందరున్నారు. వాళ్ళని వదిన ఆపలేదు.

నా సంగతి ఎనభై నాలుగులో వచ్చింది. ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ బాగుచేయడం లైబ్రరీ పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. పనిముట్ల పెట్టె మోసుకుని బస్సుల్లో తిరిగేవాణ్ణి. వ్యాన్ ఉంటే పని పెరుగుతుంది. బ్యాంకులో కో-సైనర్ కావాలన్నారు. నేను ఎవరినీ అడగలేదు. అన్నయ్య ద్వారా తెలిసి వదినే వచ్చింది.

"నన్నడగలేదేం?"

"ఒకసారి దెబ్బ తిన్నావు కదా వదినా."

"అది తెలియక. చలికాలంలో నీకు పని ఎంతుంటుంది?" అని మొదలుపెట్టి నా రాబడీ ఖర్చూ అంతా అడిగింది. చెప్పాను. తర్వాత తన జీతం చీటీ తీసి, వేళ్ళ మీద లెక్క వేసుకుంది.

"నువ్వు మంచివాడివని నాకు తెలుసు అబ్బాయ్. ఆ కుర్రాడూ మంచివాడే. నేను చూడాల్సింది నీ మంచితనం కాదు, నా జీతం. నువ్వు మంచాన పడితే ఇది నేను కట్టగలనా? కట్టగలను. పద."

బ్యాంకులో కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివింది. అర్థంకాని చోటల్లా ఆ ఆఫీసరుని ఆపి అడిగింది. కలం తీసుకుని, ఆయన ముందే నిటారుగా కూర్చుని, "ఈ అప్పు నాది" అని తెలుగులో అంది. ప్రార్థన చేశారా అని ఆయన నన్నడిగాడు. అవునన్నాను.

నేను ఏ నెలా తప్పలేదు. ఈ వేసవిలో ఆమె జబ్బు సంగతి డాక్టర్లు చెప్పేటప్పటికి ఇంకా ఏడాదికి పైగా వాయిదాలున్నాయి. ఒక అప్పు కింద పేరుండగా ఆమె వెళ్ళకూడదని నాకు పట్టుదల కలిగింది. ఎండాకాలం అంతా ఏసీ బాగుచేయమని ఎవరు పిలిచినా కాదనలేదు. గత నెలలో అప్పు తీరింది. బ్యాంకువాళ్ళ ఉత్తరం ఆసుపత్రికి పట్టుకెళ్ళాను.

కళ్ళజోడు పెట్టమంది. ప్రతి వరసా చదివింది. వెనక్కి తిప్పి, అటువైపు ఏమీ లేకపోయినా చూసింది.

"ఇక నీ పేరు లేదు వదినా" అన్నాను.

"మంచి పని చేశావు." ఉత్తరం మడిచి నా జేబులో తనే పెట్టింది. "అయినా అంత తొందరేమొచ్చిందయ్యా? నీ కాగితాల్లో నా పేరు ఇంకో ఏడాది ఉంటే నీకేం బరువు?"

సొంతవాళ్ళే సంతకం పెట్టడానికి భయపడే చోట నా కోసం, తెలిసి, లెక్క చూసుకుని, పేరు రాసిన మనిషి మా వదిన. ఆ పేరు పక్కన నాలుగేళ్ళు నా పేరుంది.

మంగళవారం సమాధి కార్యక్రమం. కార్లు లేని పెద్దవాళ్ళని నా వ్యాన్‌లో తీసుకెళ్ళమన్నాడు అన్నయ్య. సాయంత్రం వాన తగ్గాక పనిముట్లు దించాను. వెనక బెంచీలు బిగించాను. ముందు సీటుకి వదిన తన పాత యూనిఫాం గుడ్డతో కుట్టి వేసిన తెల్ల కవరు ఉంది. గ్రీజు మరకలు పడ్డాయి. ఉతుకుదామని సబ్బునీళ్ళు కలిపి పెట్టుకుని, ముందు ఈ పేజీ రాయడానికి కూర్చున్నాను. ఇక లేచి ఉతకాలి.