రంగుకి కాదండి, చూపుకి

పొద్దున్నే బడికి బయలుదేరేముందు ముఖానికి, మెడకి, చెవుల వెనక సన్‌స్క్రీన్ రాసుకుంటాను. ఆ వాసన తగిలితే చాలు, సత్యవతిగారు పక్కన నిలబడి "చెవులు మర్చిపోయేవమ్మా" అంటున్నట్టే ఉంటుంది. నాలాగే ఆవిడకీ పుట్టుకతోనే ఒంటికి రంగు లేదు. దాన్ని ఆల్బినిజం అంటారని నాకు చెప్పింది కూడా ఆవిడే. అంతవరకు మా కాట్రేనికోనలో నేను కొందరికి దొరసానిని, కొందరికి బొల్లిపిల్లని.

పదో తరగతిలో ఉండగా బట్టలు కొనడానికి అమ్మ నన్ను రామచంద్రపురం తీసుకెళ్లింది. కొట్లో ఒకావిడ చీర అంచుని ముక్కుకి ఆనించుకుని చూస్తున్నారు. తెల్లని జుట్టు, తెల్లని కనుబొమలు, అచ్చం నా ఒళ్లే. ఇలా పుట్టినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అనుకుంటూ పదిహేనేళ్లు బతికాను. అమ్మ చెయ్యి విడిపించుకుని వెళ్లి ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ వంగి నా ముఖంలోకి చూసి నవ్వారు.

"బడిలో బోర్డు కనబడుతుందా అమ్మా?" అని అడిగారు.

అప్పటిదాకా అందరూ రంగు గురించి అడిగినవాళ్లే. చూపు గురించి అడిగిన మొదటి మనిషి ఆవిడ. "లేదండి" అన్నాను. అమ్మ నా వంక తెల్లబోయి చూసింది. నాకు లెక్కలు రావనే ఇంట్లో అనుకునేవారు.

సత్యవతిగారు ఆ ఊళ్లోనే డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవారు. నెల తిరక్కుండా మమ్మల్ని వికలాంగుల సర్టిఫికెట్లిచ్చే శిబిరానికి తీసుకెళ్లారు. బల్ల దగ్గర గుమస్తా నన్ను ఎగాదిగా చూసి, "తెల్లగా ఉన్నంత మాత్రాన సర్టిఫికెట్ ఇవ్వరండి" అన్నాడు. అమ్మ వెనక్కి తిరగబోయింది. సత్యవతిగారు కదల్లేదు.

"రంగుకి కాదండి, చూపుకి అడుగుతున్నాం. కళ్ల డాక్టరుగారి దగ్గరికి పంపండి. ఆయన కాదంటే వెళ్లిపోతాం."

గొంతు పెంచలేదు, పక్కకి జరగనూ లేదు. డాక్టరుగారు అద్దాలు మార్చి మార్చి చూసి, ఒంటికి రంగు లేనివాళ్లకి కళ్లజోడు పెట్టినా పూర్తి చూపు రాదని రాసిచ్చారు. తిరిగొస్తూ బస్సులో సత్యవతిగారు చెవి వెనక కుట్లు వేసిన మచ్చ అమ్మకి చూపించారు.

"ఎండకి పుండు పడితే ఏడాది పట్టించుకోలేదండి. క్యాన్సరని కోసి తీసేరు. పిల్లకి మానని పుండేదన్నా కనబడితే వెంటనే చూపించండి."

"ఆయ్, చూపిస్తానండి" అంది అమ్మ. ఎండ అంటే నన్ను ఇంట్లో కూర్చోబెట్టే మనిషి, మర్నాడే పొడుగు చేతుల జాకెట్లు కుట్టడానికిచ్చింది.

సర్టిఫికెట్ వచ్చింది. పరీక్షలో అదనపు సమయం ఇచ్చారు, భూతద్దం వాడుకోనిచ్చారు. లెక్కల ప్రశ్నపత్రం చివరిదాకా చదవడం నాకదే మొదటిసారి. గంట కొట్టగానే గేటు దగ్గరికి పరుగెత్తాను. సత్యవతిగారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. ఎలా రాశావని అడగలేదు.

"చివరి ప్రశ్న ఏమిచ్చేరు?" అన్నారు.

అంకెలతో సహా గడగడా చెప్పేశాను. ఆవిడ నన్ను గొడుగులోకి లాక్కుని గట్టిగా పట్టుకున్నారు. ఇద్దరం ఏడుస్తూ నవ్వాం.

తర్వాత డిగ్రీలో ఆవిడ క్లాసులోనే కూర్చున్నాను. బోర్డు మీద రాసే ప్రతి ముక్కా పైకి చదువుతూ రాసేవారు. ఆవిడ రిటైరయ్యారు. నేనిప్పుడు అమలాపురంలో ఒక బళ్లో లెక్కలు చెబుతున్నాను. నేనూ ప్రతి అంకె పైకి చదువుతూనే రాస్తాను. బోర్డు ఎవరికి కనబడటం లేదని మాత్రం అడగను. అడిగితే ఎవరూ చెయ్యెత్తరు. పదేళ్లు నేనూ ఎత్తలేదు.