అయస్కాంతానికి దొరకని ఉక్కు

నా ఉద్యోగం పదకొండో రోజే ఊడిపోవాల్సింది. ఎట్ల మిగిలిందో ఇప్పటికీ సమజ్ కాదు. ఆ పొద్దు నేను వెలగబెట్టిన ఘనకార్యానికి గోదావరిఖనిల బొగ్గు క్రషర్ సగం పూట నోరు తెరుచుకొని కూసున్నది. బయట టిప్పర్లు పెండ్లి బరాత్ లెక్క బారులు తీరినయ్. "ఇంత చదువుకున్నదానివి!" అనకుండ్రి. చదువుకున్నందుకే ఇదంత.

నేను వర్క్‌షాపుల కొత్త ఇంజినీరును. క్రషర్ల బొగ్గు పలగ్గొట్టే సుత్తెలు అరిగిపోతే కొత్తవి లారీల వచ్చినయ్. చూసి సంతకం పెట్టుడు నా పని. ఊకెనే సంతకం పెడితే ఇంజినీరుకు ఇజ్జత్ ఏముంటది? బ్యాగులకెళ్లి అయస్కాంతం తీసి ఒక సుత్తెకు పెట్టిన. జారి కింద పడ్డది. ఇంకోదానికి పెట్టిన. అలిగిన ఆడబిడ్డ లెక్క అదీ పట్టించుకోలే.

"పాల్ కాకా! ఇది ఉక్కే కాదు, మోసం!"

పాల్ కాక మా సీనియర్ ఫిట్టర్. నా వయసు కంటే ఆయన సర్వీసే ఎక్కువ. కండ్లద్దాలు పైకి నెట్టి నిమ్మళంగ చెప్పిండు: "మోసం కాదు బిడ్డా. మాంగనీస్ బాగ కలిపిన ఉక్కు. దీనికి అయస్కాంతం అంటదు."

"ఇనుమున్నంక అంటకుండ ఎట్లుంటది? బడి పిల్లలనడుగు, చెప్తరు!"

"బడి పిల్లలు క్రషర్ నడుపుతలేరు గద. మాలుతోని వచ్చిన కాయితం సదువు."

"మోసం చేసెటోడు కాయితం మంచిగనే రాస్తడు కాకా!"

"అక్కా, దించుకుంటరా లేదా?" లారీ డ్రైవర్ అడిగిండు.

"దించేదే లేదు!" అని మేనేజర్ సారుకు ఫోన్ కొట్టిన. "సార్, నకిలీ మాలు పట్టుకున్న!"

సార్ ఉరికొచ్చిండు. "రుజువేంది?"

"మెత్తటి లోహం సార్. డ్రిల్ పెడితే అరటిపండుల పుల్ల గుచ్చినట్టు దిగుతది. చూడుండ్రి."

"వద్దు బిడ్డా," అన్నడు కాక. నేను వింటనా? సుత్తెను బిగించి డ్రిల్ ఆన్ చేసిన. బిట్టు కీచుమని అరిచింది, పొగ లేచింది, కొస నీలంగ మారింది. సుత్తె మీద మాత్రం గోరుతోని గీకినంత గుర్తు. రెండో బిట్టుదీ అదే గతి. మూడోది టప్పున విరిగి సార్ బూటు పక్కన పడ్డది. లారీ డ్రైవర్ అటు దిక్కు తిరిగి నవ్వుకున్నడు.

కాక ఆ ముక్కను ఏరి సార్ చేతుల పెట్టిండు. "ఈ ఉక్కు గుణమే గది సార్. దెబ్బ తాకిన కొద్దీ గట్టిపడ్తది. అందుకే పలగ్గొట్టే కాడ దీన్నే వాడ్తరు."

సార్ కాయితం తెప్పించి సదివిండు. అన్నీ సరిగ్గనే ఉన్నయ్. నా దిక్కు చూసిండు.

"ఏం చదివినవమ్మా?"

"మెటలర్జీ సార్." అంటే లోహాల చదువే. ఈ పాఠం చెప్పిన పొద్దు నేను క్లాసుకు డుమ్మా కొట్టిన్నని సారుకు ఎట్ల చెప్పాలె?

సార్ కోపమంత కాక మీదికి మళ్లింది. "నువ్వన్న ముందే చెప్పొద్దా పాల్?"

"చెప్పిన సార్," అన్నడు కాక. "చెప్పిన కొద్దీ గట్టిపడ్డది."

వర్క్‌షాపంత గొల్లుమన్నది. నేను మాత్రం అక్కడికక్కడ, గ్రీసు అంటిన రెండు చేతులు జోడించి, ఒట్టు పెట్టుకున్న: కాయితం సదవంది నోరు తెరువ, పాల్ కాక వద్దన్న పని, మేనేజర్ సారే చెయ్యమన్నా సరే, ఈ జన్మల చెయ్య.