ల్యాంపురూం చాచా అనుమానం

మా పక్క క్వార్టర్ చాచా పోయాడని మొన్న శుక్రవారం మా బాపు గోదావరిఖని నుంచి ఫోన్ చేసి చెప్పాడు. నేను వెంటనే నమ్మలేదు. నువ్వు చూసినవా అని అడిగాను. "చూసిన బిడ్డా, మొఖం చూసిన," అన్నాడు బాపు. ఆ ప్రశ్న, ఆ జవాబు, రెండూ మాకు చాచా దగ్గర అంటినవే.

చాచా గని మీద ల్యాంపురూం గుమాస్తా. బాయిలోకి, అంటే భూగర్భ గనిలోకి, దిగే ప్రతి కార్మికుడికీ టోపీకి పెట్టుకునే లైటు నంబరు చూసి ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకుని కొక్కేనికి తగిలించడం ఆయన పని. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. కిరాణాకొట్టు తూకం, బస్సు టైము, దవాఖాన మందు, దేన్నీ ఒక్క మాటకు నమ్మేవాడు కాదు.

మాకు మాత్రం ఆయన మీదే అనుమానం. రోజూ బాపు డ్యూటీ నుంచి వచ్చే వేళకు మా గేటు దగ్గరికి వచ్చేవాడు. బాపు మొహం ఒకసారి చూసి, "వచ్చినవా?" అనేవాడు. "వచ్చిన" అని బాపు అనగానే వెళ్లిపోయేవాడు. చాయ్ కోసమనుకుందామంటే ఇచ్చినా తాగడు. సమ్మె రోజుల్లో ఎవరెవరు డ్యూటీకి పోవడం లేదో ఆఫీసుకు చేరవేస్తున్నాడని వాడకట్టంతా గుసగుసలు. నేనూ నమ్మాను. ఆయన కనబడగానే తలుపు వేసేదాన్ని. అమ్మను అడిగితే, నీకెందుకే రానియ్యి అనేది. ఆమె కూడా ఏదో దాస్తోందని నా అనుమానం.

పదేళ్ల కిందట, తొంభైల మొదట్లో, నా ఎమ్మెస్సీ ఫిజిక్సు చివరి ఏడాది. ప్రాజెక్టు రిపోర్టు ఇంట్లో కూర్చుని రాస్తున్నాను, సోమవారం ఇచ్చెయ్యాలి. కణం ఎక్కడ ఉండవచ్చో చెప్పే తరంగ ప్రమేయాన్ని ఫూరియర్ పరివర్తనతో మారిస్తే, అదే కణం ఎంత ద్రవ్యవేగంతో పోతుండవచ్చో తెలుస్తుంది. పుస్తకంలో ఒక దిశకు ఉన్నదాన్ని నేను మూడు దిశలకు పెంచాను. ఆపైన ఎన్ని దిశలకైనా ఇంతే అని గొప్పగా ఒక వాక్యం కూడా రాశాను. చాచా గేటు దగ్గర నిలబడి ఏం రాస్తున్నావని అడిగాడు. ఆరా తీస్తున్నాడనుకున్నాను. ఈయనకేం అర్థమవుతుందిలే అన్న పొగరుతోనే చెప్పాను: ఇవతల ఒక రూపంలో ఉన్నది అవతల ఇంకో రూపంలోకి పోతుంది, మొత్తం మాత్రం తగ్గదు, పెరగదు.

"దిగినంత ఎక్కిందా? లెక్క చూసినవా?"

చూడలేదు. ఒళ్లు మండింది. ఆయన పోయాక చూశాను. కణం ఎక్కడో ఒకచోట ఉండే సంభావ్యత మొత్తం కలిపి ఒకటి. అవతల వైపూ ఒకటే రావాలి. రాలేదు. దిశకొకసారి చొప్పున మూడుసార్లు పెట్టాల్సిన గుణకాన్ని ఒక్కసారే పెట్టి ఊరుకున్నాను. రిపోర్టంతా ఆ తప్పు మీదే నడిచింది.

మర్నాడు సరిదిద్దుకుని, లెక్క కుదిరిందని నేనే గేటు దాకా వెళ్లి చెప్పాను. చాచా మొహం వెలగలేదు.

"లెక్క కుదిరితే మనిషి వచ్చినట్టేనా బిడ్డా?" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. నా చిన్నతనంలో ఒకరోజు షిఫ్టు అయిపోయే వేళ బాపుకు బాయి అడుగున కళ్లు తిరిగాయి. అక్కడ కరెంటు బల్బులుంటాయి కాబట్టి కాసేపు కూర్చుని వస్తానని, తన లైటు కూడా ఇచ్చెయ్యమని తోటివాడి చేతికిచ్చాడు. దోస్తులు ఒకరి లైటు ఒకరు ఇవ్వడం మామూలే. చాచా రెండూ తీసుకుని తగిలించాడు. అమ్మ వెతుక్కుంటూ వెళితే నిండిన కొక్కేలు చూపించి, అందరూ పైకి ఎక్కారన్నాడు. బాపు ఏ సారా దుకాణంలోనో కూర్చున్నాడనుకుని అమ్మ తిట్టుకుంటూ ఇంటికొచ్చింది. బాపేమో బొగ్గు టబ్బుల వెనక స్పృహ లేకుండా పడి ఉన్నాడు. తర్వాతి షిఫ్టు వాళ్లు చూసి దవాఖానకు మోసుకుపోయారు కాబట్టి బతికాడు.

"నా లెక్క సక్కగనే ఉండె. మీ బాపు లోపల్నే ఉండె. గప్పటిసంది మొఖం చూస్తెనే నాకు నిద్ర," అన్నాడు చాచా.

ఇంట్లోకి వచ్చి, మార్చిన ప్రమేయాన్ని వెనక్కి మార్చి చూశాను. మొత్తం ఒకటే వచ్చింది. కానీ వచ్చింది నేను పంపిన ప్రమేయం కాదు, కుడి ఎడమలు తారుమారైన ఇంకొకటి. వెనక్కి మార్చే చోట ప్లస్ మైనస్ గుర్తు మార్చడం మరిచాను. ఆ తప్పు చిత్తుప్రతి చూసిన నా గైడుకూ కనబడలేదు. ఇప్పుడు నేను పాఠం చెప్పేటప్పుడు పిల్లల చేత మొత్తం సరిచూడటం, వెనక్కి మార్చి చూడటం, రెండూ చేయిస్తాను. అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో వాళ్లకు చెప్పాను గానీ, తలుపు వేసినందుకు సిగ్గుపడుతున్నానని చాచాకు ఒక్కసారీ చెప్పలేదు.

రిటైరయ్యాక కూడా కొడుకు పేరుకు మారిన అదే పక్క క్వార్టర్‌లో ఉంటూ చాచా ఆ అలవాటు మానలేదు. నేను ఊరు చేరేసరికి చాచాను మట్టి చేయడం అయిపోయింది. సోమవారం బాపు మళ్లీ డ్యూటీకి పోయాడు. మొదటి షిఫ్టు అయిపోయిన సైరన్ మోగిన కాసేపటికి తిరిగొచ్చి, లోపలికి రాకుండా గేటు దగ్గరే ఆగాడు. మసి మొహాన్ని పక్క క్వార్టర్ వైపు తిప్పి నిలబడ్డాడు. నేను తలుపు తెరిచి పట్టుకుని చూస్తున్నాను. ఎవరూ అడగకుండానే, "వచ్చిన," అన్నాడు.